చీపురు ఎవరి చేతిలో?

(గ్రంథాలయ వారోత్సవాల్లో ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల ముందు ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం దించండి బాబూ, నా ఎత్తుకి... ఆఁ, చాలు.

నాకు ఇచ్చిన అంశం, హైస్కూలు పిల్లలకు సమాజ సేవ తప్పనిసరి చేయాలా వద్దా అని. కరపత్రంలో "జీతం భత్యం లేకుండా" అని కూడా అచ్చు వేశారు. జీతం లేదు, తప్పించుకునే వీలూ లేదు. ఈ రెండూ కలిపి మా నాయనమ్మకు చెప్పి ఉంటే ఆమె క్షణం ఆలోచించకుండా ఒకటే మాట అనేది: "వెట్టి".

తెలంగాణలో ఆ మాటను తేలిగ్గా వాడలేం. మా తాత దొర బండి ముందు ఉరికినవాడు. బండి ముందు ఉరకడమేంటని ఈ కాలం పిల్లలు అడుగుతారు. దొర ప్రయాణం కడితే దారిలో జనాన్ని పక్కకు తప్పిస్తూ, ఎడ్లతో సమానంగా పక్క ఊరి దాకా పరుగెత్తాలి. కూలి లేదు, గంజి కూడా ఉండేది కాదు. చాకలి బట్టలు ఉతకాలి, కుమ్మరి కుండలు ఇవ్వాలి, మంగలి కాళ్లు పిసకాలి, మాదిగ చెప్పులు కుట్టాలి, కబురు మోయాలి. ఎవరు ఏ పని చేయాలో పుట్టుకతోనే రాసి ఉండేది. ఆంధ్ర మహాసభ తీర్మానాల్లోనూ, 1946 నుంచి నడిచిన సాయుధ పోరాటంలోనూ వెట్టి రద్దు కావాలన్నది ముందు వరుసలో ఉన్న డిమాండు. అలాంటి ఇంట్లో పుట్టిన నేను ఈ అంశంలోకి అనుమానంగానే దిగాను. దిగి ఎక్కడ తేలానో కూడా ముందే చెప్పేస్తాను, సస్పెన్స్ ఎందుకు. తప్పనిసరి చేయాలి. కానీ ఇప్పుడు చాలాచోట్ల చేస్తున్న పద్ధతిలో మాత్రం కాదు.

మూడేళ్ల కింద అమెరికాలో మా అమ్మాయి దగ్గర ఐదు నెలలు ఉన్నాను. మేరీలాండ్ రాష్ట్రం. అక్కడ ప్రభుత్వ బడుల్లో చదివే పిల్లలకు సేవ చేస్తేనే హైస్కూలు డిప్లొమా. రాష్ట్రమంతటా ఇలా నిబంధన పెట్టడం ఆ దేశంలో మేరీలాండ్‌తోనే మొదలు. 1992లో రాష్ట్ర విద్యా మండలి తీర్మానించింది, 1997లో బయటికి వచ్చిన బ్యాచ్ నుంచి అమలయింది. దీని వెనక పట్టుబట్టి పనిచేసిన మనిషి రాబర్ట్ కెనడీ కూతురు క్యాథ్లీన్ కెనడీ టౌన్‌సెండ్. మామూలు లెక్క 75 గంటలు. మిడిల్ స్కూలు నుంచే కూడబెట్టుకోవచ్చు. వాషింగ్టన్ నగరంలో అయితే 100 గంటలు. పైన కెనడాలో ఒంటారియో రాష్ట్రం 1999 నుంచి 40 గంటలు పెట్టింది. మన తెలుగువాళ్లు ఈ మూడు చోట్లా ఉన్నారు కాబట్టి వాళ్ల ఇళ్లలో "అవర్స్ ఎన్ని అయ్యాయి?" అన్నది "హోంవర్క్ అయిందా?" అన్నంత మామూలు ప్రశ్న.

ఒక శనివారం మా మనవరాలిని ఫుడ్ బ్యాంకుకు తీసుకెళ్తుంటే నేనూ బయల్దేరాను. పెద్ద గోదాము. జనం దానంగా ఇచ్చిన తిండి డబ్బాలు అట్టపెట్టెల్లో గుట్టలుగా పడున్నాయి. చిక్కుళ్లు, టమాటా, చేపలు, అన్నీ రేకు డబ్బాలు. పిల్లల పని ఏంటంటే ఒక్కొక్క డబ్బా తిప్పి తేదీ చూడడం, తర్వాత వేలితో చుట్టూ తడమడం. మధ్యలో చిన్న సొట్ట ఉంటే ఫర్వాలేదు. అంచు దగ్గర, అతుకు మీద సొట్ట పడితే పారేయాలి. ఉబ్బిన డబ్బా అయితే ఇక చూడనక్కర్లేదు. అంచు సొట్టకి అంత పట్టింపు ఎందుకని అక్కడున్న పెద్దాయనను అడిగించాను. అతుకు సందు ఇస్తే లోపలికి క్రిములు చేరి విషం పుట్టొచ్చు, పైకి వాసన కూడా రాదు అన్నాడు. మా మనవరాలు ఆ మాట విన్న తర్వాత అప్పటికే చూసేసిన పెట్టెను మళ్లీ విప్పి మొదటి నుంచి చూసింది. ఎవరూ చెప్పలేదు, తనే. టీచరుగా ముప్పై ఏళ్లు చేసినవాణ్ణి, పిల్లకు పాఠం ఎక్కిన క్షణం నాకు తెలుస్తుంది కదా. అది ఆ క్షణం.

తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. బయటికి వస్తూ ఫారం తీసింది. ఎక్కడ చేశావు, ఎన్ని గంటలు, ఎవరి సంతకం. చివర్లో ఏం నేర్చుకున్నావో నాలుగు వాక్యాలు. ఆ నాలుగు వాక్యాలూ నేను కారులో సీటు బెల్టు వెతుక్కునేలోపు రాసేసింది. ఏం రాశావమ్మా అంటే, "ఇతరులకు సాయం చేస్తే ఎంత ఆనందంగా ఉంటుందో తెలిసింది అని రాశాను తాతా. అందరం అదే రాస్తాం" అంది. సొట్ట సంగతి రాయలేదు. ఆ పెట్టె మళ్లీ విప్పిన సంగతీ రాయలేదు. ఫారంలో దానికి గడి లేదు.

ఎనిమిదో తరగతి దాటేసరికి తన లెక్క పూర్తయింది. మరుసటి వేసవిలో ఫోన్లో అడిగాను, ఫుడ్ బ్యాంకుకు వెళ్తున్నావా అని. "నా అవర్స్ అయిపోయాయి తాతా."

ఇది మా ఇంటి సంగతే అనుకున్నాను, కాదట. సారా హెల్మ్స్ అనే ఆర్థికవేత్త మేరీలాండ్ పిల్లల మీదే చేసిన పరిశీలన 2013లో వచ్చింది. నిబంధన వల్ల ఎనిమిదో తరగతి పిల్లల్లో సేవ పెరిగింది, పన్నెండో తరగతి పిల్లల్లో తగ్గింది అని తేల్చింది. అంటే పని ముందుకు జరిగింది. కరెంటు బిల్లు గడువుకి ముందే కట్టేసి చేతులు దులుపుకున్నట్టు. అంతకుముందు 1999లో స్టూకాస్, స్నైడర్, క్లేరీ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇంకో సంగతి చెప్పారు. ఇది నా మీద రుద్దారు అని గట్టిగా అనిపించిన పిల్లలకు, బలవంతపు సేవ తర్వాత ముందు ముందు సేవ చేద్దామన్న కోరిక తగ్గుతుందని. ఒంటారియోలో ఇంకో తమాషా జరిగింది. అక్కడ పదమూడో ఏడు చదువు ఎత్తేసినప్పుడు 2003లో రెండు బ్యాచ్‌లు ఒకేసారి బయటికొచ్చాయి, ఒకటి నిబంధన ఉన్నది, ఒకటి లేనిది. వాళ్లను పక్కపక్కన పెట్టి చూస్తే, నిబంధన ఉన్నవాళ్లలో సేవ చేసినవాళ్లు ఎక్కువే, కానీ మనసుల్లో, అభిప్రాయాల్లో పెద్ద తేడా కనబడలేదు. నన్నడిగితే ఇది ఆశ్చర్యం కాదు. గంటలు అడిగారు, గంటలు ఇచ్చారు.

ఇంకొకటి కూడా అక్కడే గమనించాను. ఆ ఫుడ్ బ్యాంకు దగ్గరికి బస్సు లేదు. వచ్చిన పిల్లలందర్నీ ఎవరో ఒకరు కారులో దింపి, మూడు గంటలు ఆగి, మళ్లీ ఎక్కించుకుపోయారు. మా అల్లుడు ల్యాప్‌టాప్ పెట్టుకుని పార్కింగ్‌లో కూర్చున్నాడు. తల్లిదండ్రులిద్దరూ షిఫ్టుల్లో పనిచేసే ఇంటి పిల్లకు ఆ డ్రైవరు ఎవరు? ఆ పిల్ల శనివారం ఇంట్లో తమ్ముణ్ణి చూసుకుంటుంది, అన్నం వండుతుంది. అది సేవ కాదా అంటే, సొంత ఇంటి పని లెక్కలోకి రాదు. జీతానికి పనిచేసినా రాదు. ఇక కాలేజీ అప్లికేషన్ కోసం గంటలు కూడబెట్టేవాళ్ల సంగతి వేరే. గుళ్లో పులిహోర వడ్డిస్తే వస్తాయా రావా అని మా అమ్మాయి స్నేహితులు ఒక సాయంత్రమంతా చర్చించారు. పులిహోర మాత్రం బాగుంది.

సరే, ఇది బానిసత్వమని అక్కడ కోర్టుకెక్కినవాళ్లు కూడా ఉన్నారు. పెన్సిల్వేనియాలో బెత్లెహెమ్ అనే ఊళ్లో బడి 60 గంటలు పెడితే ఇద్దరు విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు కేసు వేశారు. ఆ ఇద్దరూ అంతకుముందే తమంతట తాము సేవ చేసినవాళ్లే! చేయం అని కాదు, చేయమని హుకుం ఇస్తే చేయం అన్నారు. బానిసత్వాన్ని, బలవంతపు చాకిరీని 1865లో రద్దు చేసిన పదమూడో సవరణను చూపించారు. 1993లో అప్పీలు కోర్టు కొట్టేసింది. ఈ పని ముఖ్యంగా పిల్లల చదువు కోసమే, దీన్ని బానిసత్వంతో పోల్చడం కుదరదు అంది. 1996లో న్యూయార్క్ నుంచి ఒకటి, నార్త్ కరోలినా నుంచి ఒకటి అలాంటి కేసులే అప్పీలు కోర్టుల్లో తేలాయి. అవీ నిలబడలేదు.

అమెరికా కోర్టులు ఇంత వాదన విని తేల్చిన దానికి మన రాజ్యాంగంలో ముందే ఒక జవాబు ఉంది. 23వ అధికరణం. మనుషుల అమ్మకాన్ని, వెట్టిని, బలవంతపు చాకిరీని నిషేధిస్తుంది. ఇంగ్లీషు ప్రతిలో కూడా "బేగార్" అనే మన మాటనే ఉంచేశారు, దానికి సరిపోయే ఇంగ్లీషు దొరకలేదేమో. అందరూ అక్కడిదాకా చదివి ఆగిపోతారు. దాని కింద రెండో క్లాజు ఉంది. ప్రజా ప్రయోజనం కోసం ప్రభుత్వం తప్పనిసరి సేవను విధించవచ్చు అంటుంది. అయితే అలా విధించేటప్పుడు మతం, జాతి, కులం, వర్గం అన్న కారణాలతో వివక్ష చూపకూడదు.

ఒక్క నిమిషం దీని దగ్గర ఆగండి. వెట్టిలో తప్పు పని కాదు, కూలి లేకపోవడం ఒక్కటే కూడా కాదు. ఈ పని ఫలానావాళ్లదే అని ముందే రాసిపెట్టడం. దొర బండి ముందు దొర కొడుకు కూడా ఒక రోజు ఉరికి ఉంటే అది వెట్టి అయ్యేది కాదు, ఆట అయ్యేది. రాజ్యాంగం రాసినవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు. పని పెట్టు, కానీ అందరికీ పెట్టు అన్నారు.

మరి మన దగ్గర పెట్టారా అంటే, కాగితం మీద చాలాసార్లు. 1937లో వార్ధాలో గాంధీజీ చేతిపని చుట్టూ చదువు అల్లాలన్నారు, జాకిర్ హుసేన్ కమిటీ దానికి ప్రణాళిక రాసింది. 1959లో సి.డి. దేశ్‌ముఖ్ కమిటీ, విశ్వవిద్యాలయంలో చేరబోయే ప్రతి విద్యార్థీ కొన్ని నెలలు జాతీయ సేవ చేసి తీరాలంది. మరుసటి ఏడాదే విద్యావేత్త కె.జి. సైయిదైన్ పలు దేశాల పద్ధతులు చూసి వచ్చి, వద్దు, ఇష్టమైనవాళ్లతోనే మొదలుపెడదాం అన్నారు. తర్వాత కొఠారీ విద్యా కమిషన్ వచ్చి అన్ని దశల్లోనూ తప్పనిసరి చేయమంది. చివరికి 1969 సెప్టెంబరు 24న ఎన్.ఎస్.ఎస్., అంటే జాతీయ సేవా పథకం పుట్టింది, 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మందితో. ఇష్టమైనవాళ్లే చేరతారు, ఏడాదికి 120 గంటలు. నేను కాలేజీలో ఆ బ్యాడ్జీ పెట్టుకున్నవాణ్ణే, కోణార్క్ రథచక్రం ఉంటుంది దాని మీద. శిబిరంలో వారం రోజులు రోడ్డు వేశాం. వర్షాకాలానికి కొట్టుకుపోయిందనుకోండి, అది వేరే కథ.

హైస్కూళ్ల వాటాకి వచ్చింది ఎస్.యు.పి.డబ్ల్యు. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ పెట్టిన పేరు, సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక శ్రమ అని అర్థం. ఇక్కడ నవ్వుతున్న టీచర్లకి తెలుసు, పిల్లలు దానికి వేరే విస్తరణ పెట్టారు: "సమ్ యూజ్‌ఫుల్ పీరియడ్ వేస్టెడ్". టైంటేబుల్‌లో ఆ గడి ఉండేది, ఆ గడిలో లెక్కల సారు ఉండేవాడు. సిలబస్ కాలేదండీ, ఈ పీరియడ్ నాకివ్వండి అని. నేనే ఇచ్చాను, ఎన్నిసార్లో. రికార్డులో మాత్రం సుద్దముక్కల తయారీ, ఫినాయిల్ తయారీ అని రాసి సంతకం పెట్టాం. మేరీలాండ్‌లో మా మనవరాలి నాలుగు వాక్యాలను చూసి నవ్వే అర్హత నాకు లేదని అందుకే అంటున్నాను.

ఇప్పుడు చెప్పబోయేది నా తప్పు. ఊరి పేరు, బడి పేరు చెప్పను.

నేను హెడ్మాస్టరుగా ఉన్న ఒక హైస్కూల్లో ప్రతి శనివారం చివరి రెండు పీరియడ్లు శ్రమదానం పెట్టాను. బడి ఆవరణ, పంచాయతీ బావి చుట్టూ, బస్టాండు. తప్పనిసరి. పేపర్లో ఫొటో కూడా వచ్చింది, నాకు చాలా గొప్పగా ఉండేది. ఒక సోమవారం ప్రార్థన అయ్యాక ఒకాయన వచ్చి గది బయట నిలబడ్డాడు. మునిసిపాలిటీలో పారిశుద్ధ్య పని చేస్తాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, మా బిడ్డ చీపురు పట్టనీకి బడికి పంపలే. మా అమ్మ పట్టింది, నా పెండ్లాం పట్టింది, నేను పడుతున్న. అది గూడ పడితే ఇగ బడెందుకు సార్?"

అందరు పిల్లలూ చేస్తున్నారు కదయ్యా, మీ అమ్మాయి ఒక్కతే కాదు అన్నాను. ఆయన ఏమీ అనలేదు. "ఒక్కసారి చూడుండ్రి సార్" అని వెళ్లిపోయాడు. ఆ శనివారం నేను కుర్చీ వేసుకుని కూర్చోకుండా తిరిగి చూశాను. మొక్కలకు నీళ్లు పోసేవాళ్లు కొందరు. గోడ మీద నినాదాలు రాసేవాళ్లు కొందరు, చేతిరాత బాగుందని. రిజిస్టరు పట్టుకుని ఎవరు వచ్చారో టిక్కు పెట్టే క్లాసు లీడరు ఒకడు. టాయిలెట్ల దగ్గర బకెట్లు, చీపుర్లతో ఆరుగురు. ఆ ఆరుగురూ ఏ వాడ నుంచి వస్తారో నేను చెప్పకుండానే మీకు తెలుసు. ఎవరు పంచారు ఈ పనులు అని పీఈటీ సారును అడిగితే, "పంచలేదు సార్, వాళ్లంతట వాళ్లే తీసుకుంటారు" అన్నాడు. అబద్ధం కాదు. వాళ్లంతట వాళ్లే తీసుకుంటున్నారు. మా తాత కూడా బండి కనబడగానే తనంతట తనే లేచి ఉరికేవాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని చెప్పను, పట్టింది. పొద్దున్నే మాత్రం బిస్కెట్ డబ్బా ఒకటి ఖాళీ చేసి చిట్టీలు రాశాను. పనులకో రంగు కాగితం, మనుషులకో రంగు. పిల్లల పేర్లతో పాటు టీచర్లందరి పేర్లు, నా పేరు. శనివారం మధ్యాహ్నం అందరి ముందూ తీయాలి. తీసింది ఏదైతే అది చేయాలి, మార్చుకోవడాల్లేవు. మూడో వారమే నాకు మగపిల్లల టాయిలెట్లు వచ్చాయి. అక్కడ నీళ్ల పంపు పనిచేయడం లేదని ఆ రోజే నాకు తెలిసింది. ఆరు నెలలుగా పనిచేయడం లేదట! ఆరుగురు పిల్లలు ఆరు నెలలు బోరింగు నుంచి బకెట్లతో మోశారు. నాతో ఎవరూ అనలేదు, అనాలని వాళ్లకు తోచలేదు. మంగళవారానికి ప్లంబరు వచ్చాడు. హెడ్మాస్టరు చేతికి బకెట్ వస్తే ప్లంబరు ఎంత త్వరగా వస్తాడో చూశారా?

అంతా సాఫీగా నడిచిందని చెప్పను. ఒక టీచరుగారు శనివారాలు సెలవు పెట్టడం మొదలుపెట్టారు. ఇద్దరు తండ్రులు వచ్చి మా అబ్బాయితో ఆ పని చేయిస్తారా అని గొడవ పెట్టుకున్నారు. ఒకాయన టీసీ తీసుకెళ్లాడు. చీపురు వద్దన్న ఆ తండ్రి మాత్రం మళ్లీ రాలేదు. ఆయన కూతురికి రెండుసార్లు రిజిస్టరు పని వచ్చింది. ఒకసారి చీపురూ వచ్చింది, ఊడ్చింది.

అందుకని నేను కోరేది ఇంతే. తప్పనిసరి చేయండి, బడి టైములోనే చేయండి. కారు ఉన్నవాడు, లేనివాడు అన్న తేడా అక్కడే సగం పోతుంది. గంటలు లెక్క కట్టొద్దు, సర్టిఫికెట్ ఇవ్వొద్దు. సర్టిఫికెట్ ఉన్న చోటికి మధ్యవర్తి కూడా వస్తాడు, మనకు తెలియనిదా. టీచరు కూడా చేయాలి, హెడ్మాస్టరు కూడా. బడిలో ఒక ఉద్యోగి జీతం మిగుల్చుకోవడానికి ఆ పనికి పిల్లల్ని వాడొద్దు. స్కావెంజర్ పోస్టు ఖాళీగా ఉంటే భర్తీ అడగాలి, శ్రమదానం పెట్టుకోకూడదు. అప్పుడు నేను చేసింది సగం అదే.

...ఏంటండీ? గట్టిగా చెప్పండి. ఆఁ. పదో తరగతి పిల్లలకు టైమెక్కడిది అంటున్నారు ఈ అమ్మ.

నిజమేనమ్మా, పొద్దున ఐదింటికి స్టడీ అవర్ మొదలై రాత్రి పదింటికి అయ్యే హాస్టళ్లున్నాయి. మీరు టెన్షన్ పడడంలో తప్పు లేదు. కానీ ఆ పిల్ల తిన్న కంచం ఎవరో కడుగుతున్నారు, పడుకున్న గది ఎవరో ఊడుస్తున్నారు. వారానికి గంటన్నర ఆ పని తను చేస్తే ర్యాంకు పోతుందా? పోతుందనే మీరంటే నేను వాదించను. మీ అమ్మాయి చేయని పని అదే వయసున్న ఇంకో అమ్మాయి చేస్తోందని మాత్రం చెప్తాను. తనకు బడే లేదు. ఇంట్లో గిన్నెలు తోమి, తమ్ముణ్ణి రెడీ చేసి బడికొచ్చే అమ్మాయిలు మీ పక్క బెంచీలోనే ఉంటారు. వాళ్లకు శనివారం చీపురు ఇవ్వనక్కర్లేదు, రిజిస్టరు ఇవ్వండి. చిట్టీల్లో ఆ మాత్రం మోసం నేను కూడా చేశాను, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆ టీసీ తీసుకెళ్లినాయనకు ఈ సంగతి తెలియదు.

టైం అయిందని అధ్యక్షులవారు చూస్తున్నారు. ఆ చిట్టీల పద్ధతి నేనున్న రెండేళ్లూ నడిచింది. నాకు బదిలీ అయ్యాక కొత్త హెడ్మాస్టరుకు చార్జి అప్పగిస్తూ కుర్చీలు, బెంచీలు, బీరువాలు, గ్లోబు, గంట అన్నీ రాసి సంతకాలు చేసుకున్నాం. స్టాకు రిజిస్టరులో లేని వస్తువు కాబట్టి ఆ బిస్కెట్ డబ్బాను ఆయన తీసుకోలేదు. ఇంటికి తెచ్చాను. ఇప్పుడు మా ఆవిడ దాంట్లో మెంతులు పోసింది.

నమస్కారం.